వేయించిన విత్తనాలు

"ఒక మొలక గూడా తెప్పించలేవా?" అన్నాడు మా ఆయన, నేను తడిగుడ్డ విప్పీ విప్పకముందే. గుడ్డలో కొర్రబియ్యం జిగటగా ముద్దకట్టి పులిసిన వాసన కొడుతున్నాయి. అంతకుముందు చేసినప్పుడూ ఇంతే. అప్పుడు నీళ్ళు ఎక్కువ పోశాననుకున్నాను. ఈసారి నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. ఇంట్లో ఏది చెడినా ముందు నన్ను నేను అనుమానించుకోవడం నాకు పళ్ళు తోముకున్నంత అలవాటు. ఆయన ముక్కు మూసుకుని షాపుకు వెళ్ళిపోయాడు. ఆ ముద్దను తీసుకెళ్ళి పారేస్తుంటే మా అత్త వరండాలోంచి చూస్తూ, "గింజలు దండగ, నీళ్ళు దండగ" అంది. నా పొద్దు దండగైందని ఎవరూ అనలేదు. నేను కూడా అనుకోలేదు.

మా ఆయన విజయభాస్కర్‌కు అనంతపురంలో బోరు మోటార్ల షాపు ఉంది. పోయిన ఏడాది ఆయనకు షుగర్ వచ్చింది. షుగర్ ఆయనకు వచ్చింది, తప్పు నాకు వచ్చింది. "పెండ్లయ్యేనాటికి నా కొడుకు ఉక్కుముక్క మాదిరి ఉండె" అని మా అత్త ఓబుళమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, నా వైపు చూడకుండా, నాకు వినబడేటట్టు. నేను ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పరగడుపున వచ్చేవాళ్ళ కోసం ఊరికంటే ముందే తెరవాలి. అక్కడ మా సారు ఒకరోజు అందరి ముందూ, "ఏమ్మా మహేశ్వరీ, ఊరందరికీ షుగర్ చూసేదానివి, ఇంట్లో ఆయప్పకు ఏం పెడ్తాండావు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. షాపులో కూర్చుని ఆయన తెప్పించుకునే ఉగ్గాని బజ్జీల సంగతి నోటిదాకా వచ్చింది, మింగేశాను. మొగుడి మీద చాడీలు చెప్పే మనిషినని అనుకుంటారేమోనని. నేను మింగినవన్నీ పరీక్ష చేసే మిషను ఏదైనా ఉంటే నా రిపోర్టు చదవడానికి మా సారుకు ఒక పూట పట్టేది.

ఈ మొలకల గొడవంతా ఫోన్లో వచ్చిన ఒక వీడియోతో మొదలైంది. ఎవరో డాక్టరు, ఇడ్లీ దోసెలు మానేసి, చిరుధాన్యాలను మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, పొడి కొట్టించి పొద్దున్నే జావ కాచుకు తాగమన్నాడు. రాగులు అందరూ తాగేవే, కొర్రలూ అండుకొర్రలూ అయితే ఇంకా మంచిదన్నాడు. "ఇంట్లో ఆడవాళ్ళు కాస్త ఓపిక చేసుకుంటే చాలు" అని కూడా అన్నాడు. మా ఆయన ఆ ఒక్క ముక్కను వెనక్కి తిప్పి నాకు మళ్ళీ వినిపించాడు.

ఓపిక చేసుకున్నాను. కానీ అంగడిలో దొరికేవి పొట్టు తీసిన కొర్రబియ్యం. పొట్టుతోపాటే మొలక వచ్చే ముక్కు కూడా మిల్లులో ఊడిపోతుంది. ఎంత నానబెట్టినా అవి మొలవవు, కుళ్ళుతాయి. నేను సేద్యం చేసే ఇంట్లో పుట్టినదాన్ని, ఆ మాత్రం తెలియాలి. పారేసిన రెండో ముద్ద మీద ఈగలు వాలుతుంటే చూస్తూ నిలబడ్డప్పుడు గానీ తట్టలేదు. అది తట్టిన వెంటనే, బియ్యం డ్రమ్ము వెనకున్న మా అమ్మ కుండ కూడా గుర్తొచ్చింది. ఆ రెండూ ఒకేసారి గుర్తుకు రాకుండా ఉంటే బాగుండేది.

మా అమ్మ కదిరమ్మది కుందుర్పి దగ్గర పల్లె. ఎండాకాలం మొదట్లో మా తమ్ముడు మద్దిలేటి పాత మట్టి మిద్దెను పడగొట్టి స్లాబు ఇల్లు మొదలుపెట్టాడు. ఇంట్లో ఎక్కడ చూసినా సిమెంటు, తడి, దిక్కులేని ఎలుకలు. అమ్మ ఆ కుండను బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. మూత చుట్టూ పేడతో మెత్తింది. లోపల బూడిద, వేపాకు కలిపిన అండుకొర్రలు. "విత్తనాలు పాపా. వాన పడేదాకా నీ కాడ ఉండనీ. మీ తమ్మునికి చెప్తే కోళ్ళకు ఏస్తాడు" అంది. మద్దిలేటిది చేను నిండా శెనక్కాయ. వాననీళ్ళు పారే వంక గట్టున చింతచెట్ల నీడలో శెనక్కాయ రాదు కాబట్టి ఆ చిన్న తునక అమ్మకు వదిలేశాడు. నీడలో కూడా పండే పైరు అండుకొర్ర ఒక్కటే. ఆ విత్తనం అమ్మకు వాళ్ళత్త ఇచ్చింది. ప్రతి ఏడూ పండించి, మళ్ళీ కుండలో పోసి, మళ్ళీ చల్లి, అమ్మ దాన్ని ఇంతదాకా తెచ్చింది. ఊళ్ళో మిగతా ఇళ్ళలో ఎప్పుడో పోయింది. మా అమ్మకు సొంతమని చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే ఆ కుండే.

నాలుగు గుప్పెళ్ళే తీశాను. పేడమెత్తు పగలగొట్టాక మూత మళ్ళీ గట్టిగా బిగించాను. బూడిద కడిగి, నానబెట్టి, గుడ్డలో మూట కట్టి వంటింటి మూల పెట్టాను. విప్పి చూస్తే ప్రతి గింజకూ తెల్లగా సన్నటి తోక. ఒక్కటి కూడా తప్పిపోలేదు. నా జన్మలో అంత సంతోషంగా మా ఆయన్ని ఎప్పుడూ పిలవలేదు. ఆయన వచ్చి చూసి, "ఆఁ, ఇప్పుడు వచ్చినాయి సూడు" అన్నాడు, తానే తెప్పించినట్టు. వాటిని మిద్దె మీద ఎండబెట్టి, అరచేతుల మధ్య నలిపి తోకలు రాల్చి, సన్నసెగ మీద వేయించాను. వేగేటప్పుడు కమ్మటి వాసన వచ్చింది. మర పట్టించి, పొట్టు పోయేలా పలచటి బట్టలో జల్లించి, జావ కాచి, మజ్జిగా ఉప్పూ కలిపి ఇచ్చాను. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి, "నీ చేతిలో ఏదో మహత్తు ఉండాది మహేశ్వరీ" అన్నాడు.

ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. ఆ ఒక్క మాటకు నేను రోజంతా తేలిపోయాను. ల్యాబులో సూది గుచ్చుతూ కూడా లోపల్లోపల నవ్వుకుంటున్నాను. పెళ్ళయినప్పటి నుంచి ఆ ఇంట్లో నా చేతికి ఒక పేరు ఉండడం అదే మొదలు. తర్వాత పరీక్షలో ఆయన షుగర్ దిగింది. మా అత్త, "ఇన్నాళ్ళకు ఒళ్ళు ఒంచినావు" అంది. ఆమె నోట్లోంచి అది మెచ్చుకోలు. ఆ రెండు మాటల కోసం మళ్ళీ కుండలో చెయ్యి పెట్టాను. మళ్ళీ పెట్టాను. ప్రతిసారీ కొంచెమే కదా అనుకున్నాను. ఎక్కడైనా కొని మళ్ళీ నింపేద్దాం అనుకున్నాను. పొట్టు తీయని అండుకొర్రలు ఎక్కడ అమ్ముతారో ఒక్క అంగడిలో కూడా అడగలేదు. అడిగితే లేవంటారని తెలుసు, అందుకే అడగలేదు. బాణలిలో మొలకలు గోధుమ రంగుకు తిరిగేటప్పుడు మాత్రం చూపు పక్కకు తిప్పుకునేదాన్ని.

ఒక ఆదివారం ఆయన స్నేహితుడు తిప్పేష్, మోటార్ల డీలరు, ఇంటికొచ్చి జావ తాగి లొట్టలు వేశాడు. "మా ఇంటికి గూడా ఒక డబ్బా చేసియ్యి చెల్లెమ్మా" అన్నాడు. నేను నోరు తెరిచేలోపలే మా ఆయన, "అదేం పెద్ద పని అన్నా, చేసిస్తాది" అన్నాడు. నానబెట్టడం, మూట కట్టడం, పొద్దున లేచి తడపడం, ల్యాబు నుంచి పరిగెత్తుకొచ్చి మబ్బు పట్టకముందే మిద్దె మీంచి దించడం, నలపడం, వేయించడం, మర దగ్గర నిలబడడం, జల్లించడం, ఇవన్నీ కలిపి ఆయనకు "చేసిస్తాది." అప్పుడైనా చెప్పాల్సింది, అవి మా అమ్మ విత్తనాలని. తిప్పేష్ ముందు ఆయన మాట పోతుందేమోనని చెప్పలేదు. ఆయన మాట నిలబడింది. తిప్పేష్ ఇంటికి డబ్బా వెళ్ళింది.

కుండ అడుగున మిగిలినవన్నీ ఊడ్చి నానబెట్టిన రాత్రి అమ్మ వాళ్ళూరున్న కళ్యాణదుర్గం వైపు పెద్ద వాన పడిందట. పొద్దున్నే వాటిని గుడ్డలో మూట కడుతుంటే అమ్మ ఫోన్ చేసింది. అమ్మ గొంతులో అంత ఉత్సాహం విని చాలా కాలమైంది.

"పాపా, మంచి పదును అయినాది. వంకలో నీళ్ళు పారినాయి. విత్తనాలు తెచ్చిస్తావా, నన్నే రమ్మంటావా?"

ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో తడిమూట. పక్కన కూర్చుని షూలు వేసుకుంటూ అమ్మ మాటలన్నీ విన్న మా ఆయన తల ఎత్తకుండానే, మెల్లిగా, "పురుగు పట్టిందని చెప్పు. దానికేముండాది" అన్నాడు. నాకు ఇంకొక మాట తోచలేదు. తోచనట్టు నటించానేమో కూడా.

"పురుగు పట్టిందిమా. అన్నీ పుచ్చిపోయినాయి."

అవతల ఎవరో ఎద్దులను అదిలిస్తున్న చప్పుడు వచ్చింది.

"అయ్యో," అంది అమ్మ. "బూడిద తక్కువైనట్టుండాది. వేపాకు గూడా బాగా ఎండకుండానే ఏసినట్టుండా. ఇల్లు పడగొడ్తాండారని తొందరపడితి. నా తప్పే పాపా. మా అత్త ఇచ్చిన విత్తనం, నా చేతుల్లోనే పోయె." ఆ వెంటనే, "నీ బియ్యానికి గూడా పాకిందా? అల్లుడు నిన్నేమన్నా అన్నాడా?" అని అడిగింది.

లేదన్నాను. ఫోన్ పెట్టేశాను. మా ఆయన షూ లేసు ముడివేసి లేచి, "అయిపాయె గదా. దానికింత ముఖం ఏలాడేసుకుంటావెందుకు" అన్నాడు. ఆయన దృష్టిలో నిజంగానే అయిపోయింది.

ఆ రోజు ల్యాబులో నా ధ్యాస పని మీద నిలవలేదు. శింగనమల నుంచి వచ్చిన ఒక ముసలామెకు నరం దొరక్క రెండుసార్లు గుచ్చాను. మోచేతి దగ్గర నల్లగా కమిలింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆమె నా చెయ్యి పట్టుకుని, "నీది కాదులే తల్లీ, నా నరాలే ఇట్లాంటివి. నాదే తప్పు" అంది. గుచ్చింది నేను, కమిలింది ఆమెకు, తప్పు ఆమెదట. పొద్దున్నే విన్న మాట మళ్ళీ ఇంకొక నోట విన్నాను. ఇలాంటి మాటలు నేను ఎన్ని అన్నానో గుర్తొచ్చింది. ఆయన షుగరుకు అన్నాను, మొలవని కొర్రబియ్యానికి అన్నాను, మా అత్త మోకాళ్ళ నొప్పులకు కూడా అన్నాను. ఎవరు ఏ తప్పు తెచ్చి నా ఒళ్ళో పడేసినా కొంగు పట్టి తీసుకున్నాను. నిజంగా నేను చేసిన తప్పు ఒక్కటుంటే దాన్ని మాత్రం తీసుకెళ్ళి మా అమ్మ ఒళ్ళో పడేశాను. ఆమె కూడా నాలాగే కొంగు పట్టింది. ఎవరి దగ్గర నేర్చుకున్నానో అప్పుడు తెలిసింది.

మరుసటి రోజు తెల్లవారగానే మూట విప్పాను. మొలకలు అప్పుడప్పుడే బయటికి వచ్చాయి, ఇంకా పొడుగు సాగలేదు. మా అత్త, "ఎండకు ఏయిపో. మళ్ళా మబ్బు పట్టేటట్టుండాది. డబ్బా నిన్ననే అయిపాయె, వానికి పొద్దున్నే తాగను లేదు" అంది. మిద్దె ఎక్కి బట్ట పరిచాను. మొలకలను దాని మీద పోసి చేత్తో పలచగా పరుస్తున్నాను. సగం పరిచాక నా చెయ్యి ఆగింది. ఇవి ఇంకా ఎండలేదు, ఇంకా వేగలేదు. తోక తెగని మొలక తడిమట్టి దొరికితే బతుకుతుంది. అక్కడ పదును ఉంది. ఇంకో పూట ఎండ తగిలితే ఇవి జావకు తప్ప దేనికీ పనికిరావు. ఇంకో రోజు గడిస్తే అక్కడ పదును ఉండదు.

పరిచినవన్నీ మళ్ళీ గుడ్డలోకి ఎత్తాను. తడిపి మూట కట్టి, బుట్టలో పెట్టుకుని కిందికి దిగాను. మా ఆయన స్నానాల గదిలో ఉన్నాడు. చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే మా అత్త అడ్డమొచ్చింది.

"ఆ మూట యాడికి?"

"మా అమ్మ కాడికి అత్తా. ఇవి ఆమె విత్తనాలు."

"మరి వానికి పొద్దున్నే?"

ఆమె పక్కనుంచి తప్పుకుని బయటపడ్డాను. ధైర్యంతో కాదు. అక్కడ ఇంకొక్క క్షణం ఉంటే మళ్ళీ మిద్దె ఎక్కేస్తానని భయంతో.

ల్యాబుకు ఫోన్ చేసి ఈరోజు రానంటే మా సారు, "ఏమ్మా, ఆయనకు బాగలేదా?" అన్నాడు. "ఆయన బాగానే ఉన్నాడు సార్. నాకే పని ఉంది" అన్నాను. బస్సులో సీసాలో నీళ్ళు కొంచెం కొంచెం మూట మీద చల్లుతూ కూర్చున్నాను. కండక్టరు, "ఏమక్కా, మూట కారుతాండాది" అని విసుక్కున్నాడు. కళ్యాణదుర్గం దాటాక మట్టి ఎర్రగా, తడిగా కనిపించింది. చేలల్లో విత్తనం వేసే గొర్రులు తోలుతున్నారు. అమ్మ ముఖం చూసి ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. చెప్పుకోవడానికి మంచి మాట ఒక్కటి కూడా దొరకలేదు.

వంక గట్టున చింతచెట్ల కింద అమ్మ ఉంది. విత్తనం లేకపోయినా తునక అంతా గుంటక తోలించి చదును చేసుకుని, రాళ్ళు ఏరుతూ ఉంది. నన్ను చూసి భయపడింది. "ఏమాయె పాపా? ఏమన్నా గొడవపడినారా?" అంది. నేను ఆమె ముందు కూర్చుని మూట విప్పాను.

అమ్మ వంగి చూసింది. ఒక మొలకను గోటితో తీసి, వెలుతురుకు పట్టి, "పురుగు పట్టిన గింజకు మొలకొస్తాదా?" అంది.

"పురుగు పట్టలేదుమా. నేనే తీసినా. నానబెట్టి, మొలకలొచ్చినాక వేయించి పొడి కొట్టించినా, ఆయనకు జావకు. కుండ ఖాళీ చేసేసినా. మిగిలినవి ఇవే."

"వేయించినావా?" అంది. ఆ మాట ఆమె నోటికి పట్టనట్టు మళ్ళీ అంది. "విత్తనాన్ని వేయించినావా?"

తిట్టి ఉంటే బాగుండేది. "రాత్రంతా ఆ బూడిదనే తిట్టుకుంటి. మా అత్తకు ఏం చెప్పేది అనుకుంటి, ఆమె పోయి ఎన్నేండ్లాయె అయినా," అంది. "పెద్ద కరువొచ్చినప్పుడు చెంచలాకు ఉడకబెట్టి తిన్నాము. నువ్వు చంకలో పిల్లవు, ఆకలికి ఏడుస్తాంటివి. అప్పుడు గూడా మా అత్త ఆ కుండ ముట్టనియ్యలేదు. నేను ముట్టలేదు." ఆమె గొంతు పెరగలేదు. నా ఆకలికి కూడా తెరుచుకోని కుండను నేను ఒక మెచ్చుకోలు కోసం తెరిచాను. ఏడుపు ఆగలేదు. అమ్మ నన్ను ఓదార్చలేదు. ఓదార్చనందుకు ఆమెకు మనసులోనే దండం పెట్టుకున్నాను. నా తప్పును మొదటిసారి ఒకరు నా దగ్గరే ఉండనిచ్చారు.

కాసేపటికి అమ్మ కొంగు నడుముకు చుట్టి లేచింది. "గొర్రులో పోస్తే మొలకలు విరుగుతాయి. చేత్తోనే ఏయాల. ఇది పంటకు చాలదు. మళ్ళా విత్తనం మేరకు అయితే చాలు. ఒంగు, ఎండ ఎక్కకముందే కానిద్దాము" అంది.

ఇద్దరం వంగాము. అమ్మ వేలితో సన్నగా గీత గీస్తూ ముందు పోతుంటే, నేను గుడ్డలోంచి మొలకలు తీసి తోక విరగకుండా జారవిడుస్తూ, పైన మట్టి కప్పుతూ వెనక నడిచాను. ఎన్ని బతుకుతాయో తెలియదు. గట్టు మీద పెట్టిన బుట్టలో నా ఫోన్ మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. అమ్మ నడుము పట్టుకుని నిలబడి ఆ వైపు చూసింది. ఆమె ముఖంలో అప్పటిదాకా ఉన్న కోపం పోయి, నాకు బాగా తెలిసిన కంగారు వచ్చింది.

"అల్లుడు చేస్తాండాడేమో. పొద్దున్నే ఆయప్పకు ఏం పెట్టొచ్చినావు?"

"ఏమీ పెట్టలేదు."

ఆ మాట అన్నాక, తప్పు చేసినట్టు అనిపిస్తుందేమోనని వంగినచోటే కాసేపు ఎదురుచూశాను. అనిపించలేదు. నా దగ్గరున్న తప్పంతా ఈ మొలకల దగ్గరే అయిపోయింది. ఫోన్ మోగుతూనే ఉంది. నేను ఇంకో గుప్పెడు తీశాను.